గుణుపురం తమ్ముడికి: పెళ్ళి వీడియో ఇంట్లోనే ఎడిట్ చేసుకోవడం గురించి

తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

తర్వాత చదివేవాళ్ళ కోసం నీ ప్రశ్న ముందు రెండు ముక్కల్లో చెప్తాను. మీది గుణుపురం. మొన్న మాఘంలో చెల్లి పెళ్ళయింది. పెళ్ళికొడుకు వాళ్ళు బరంపురం ఒడియావాళ్ళు. ఫొటోగ్రాఫర్ ఇచ్చే పెద్ద వీడియో ఎలాగూ వస్తుంది. అది కాక నీ ఫోన్‌లో, మీ బావ ఫోన్‌లో, పెళ్ళికొడుకు తమ్ముడి ఫోన్‌లో కలిపి 186 క్లిప్పులు, 40 జీబీ ఉన్నాయి. వాటిలోంచి పన్నెండు నిమిషాల వీడియో ఒకటి చేసి, పెళ్ళికి రాలేకపోయిన సూరత్ పిన్నికి పంపాలి. ల్యాప్‌టాప్ ఐ3, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఖరీదైన సాఫ్ట్‌వేర్ క్రాక్ చేసి వేసి చూశావు. బొమ్మ ఆగి ఆగి ఆడుతోంది, పెద్ద క్లిప్పుల్లో చివరికొచ్చేసరికి మాటకీ పెదవికీ పొంతన ఉండడం లేదు. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, బరంపురం వెళ్ళి కోర్సు చేయాలా అని అడిగావు.

నేను పర్లాకిమిడిలో పాతికేళ్ళ పైనుంచి ఈ పనిలోనే ఉన్నాను. మా వైపు పెళ్ళి వీడియో ఎడిటింగ్‌ని ఇప్పటికీ మిక్సింగ్ అనే అంటారు. రెండు వీసీఆర్‌లు, మధ్యలో ఒక మిక్సర్ పెట్టుకుని చేసే రోజుల నాటి మాట అది. నా దగ్గర ఆ సరంజామా లేనప్పుడు క్యాసెట్ల సంచి భుజాన వేసుకుని, చిన్న రైల్లో నౌపడ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి శ్రీకాకుళం మిక్సింగ్ సెంటర్‌కి పోయేవాణ్ణి. తర్వాత డీవీ టేపులొచ్చాయి. గంట టేపు కంప్యూటర్‌లోకి ఎక్కాలంటే గంట కూర్చోవాల్సిందే. ఇప్పుడు నీ 40 జీబీ, కేబుల్ మంచిదైతే ఒక పూట పని కూడా కాదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, సాఫ్ట్‌వేర్‌లు నా కళ్ళముందే ఎన్నో మారాయి, పని మాత్రం పెద్దగా మారలేదు. నీ బాధల్లో మూడొంతులు టైమ్‌లైన్ (క్లిప్పులు వరసగా పేర్చి కోసే పట్టీ) మీద పుట్టినవి కావు. అంతకు ముందే, ఫైళ్ళ దగ్గర పుట్టాయి.

సాఫ్ట్‌వేర్ సంగతి త్వరగా తేల్చేద్దాం. క్రాక్ తీసెయ్. నీతులు చెప్పడానికి కాదు, ఆ క్రాక్ ఫైల్ నడవాలంటే యాంటీవైరస్ ఆపమంటుంది కదా, ఆపిన తలుపులోంచి ఇంకేం లోపలికొచ్చిందో నీకు తెలీదు. చెల్లి పెళ్ళి ఫైళ్ళన్నీ అదే ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. షాట్‌కట్ అని ఉంది, పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్, వాటర్‌మార్క్ వేయదు, లాగిన్ అడగదు. షాట్‌కట్ డాట్ ఆర్గ్ నుంచే దించుకో. కేడెన్‌లైవ్ కూడా అలాంటిదే, లోపలి ఇంజను రెండిటికీ ఒకటే. విండోస్ 11 ఉంటే అందులో క్లిప్‌చాంప్ ఉంటుంది, మైక్రోసాఫ్ట్ 2021లో కొన్నది. ఉచితంగానే 1080పీ, అంటే ఫుల్ హెచ్‌డీ, ఇస్తుంది, వాడడం సులువే, కానీ లాగిన్, నెట్ అడుగుతుంది. మనవైపు నెట్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. డావిన్చి రిసాల్వ్ ఉచిత వెర్షన్ గొప్పదే, నేనూ వాడతాను. నీ 8 జీబీ మీద మాత్రం అది ఎడ్లబండికి లారీ లోడు ఎత్తినట్టే. పాత మూవీ మేకర్ని మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలోనే ఆపేసింది. ఇప్పుడు ఆ పేరుతో ఎక్కడ పడితే అక్కడ దొరికేవాటి జోలికి పోకు. ఇక్కణ్ణుంచి నేను చెప్పేదంతా షాట్‌కట్ లెక్కన.

ఇప్పుడు అసలు రోగం. ఫోన్ వీడియోకి సెకనుకు 30 ఫ్రేములు అని రాసి ఉంటుంది కానీ ఫోన్ ఆ లెక్క కచ్చితంగా పాటించదు. వెలుతురు తగ్గినా, ఫోన్ వేడెక్కినా ఒక సెకనులో 29, ఇంకో సెకనులో 27 తీస్తుంది. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఫోన్‌లో ప్లే చేసినప్పుడు ఏమీ తెలీదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం ప్రతి సెకనుకీ సరిగ్గా 30 ఉంటాయన్న నమ్మకంతో లెక్క వేసుకుంటుంది. ధ్వని తన దారిన తాను సరిగ్గా నడుస్తుంటే బొమ్మ కొద్దికొద్దిగా పక్కకి జరుగుతుంది. నలభై సెకన్ల క్లిప్‌లో కనబడదు, పురోహితుడు మంత్రం చదివే పద్దెనిమిది నిమిషాల క్లిప్‌లో చివరికొచ్చేసరికి ఆయన పెదవులు ఒకటి అంటే మనకి ఇంకోటి వినబడుతుంది. నీకు జరుగుతున్నది ఇదే. సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, నీ తప్పూ కాదు.

ఇలాంటి క్లిప్ తెరిచినప్పుడు షాట్‌కట్ తనే పసిగట్టి, ఎడిటింగ్‌కి అనువుగా మార్చమంటావా అని అడుగుతుంది. అక్కడ చాలామంది కంగారుపడి క్యాన్సిల్ కొట్టేస్తారు. కొట్టకు. గుడ్, బెటర్, బెస్ట్ అని మూడు మెట్లు చూపిస్తుంది, గుడ్ చాలు. పై రెండూ ఫైల్‌ని బాగా ఉబ్బించేస్తాయి, నీ డిస్కు నిండిపోతుంది. అన్ని క్లిప్పులూ మార్చక్కర్లేదు, వాడబోయే వాటినే మార్చు. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతుంది. ఛార్జర్ పెట్టే ఉంచు, బ్యాటరీ మీద నడిస్తే ల్యాప్‌టాప్ మందగిస్తుంది.

బొమ్మ ఆగి ఆగి ఆడడానికి కారణం వేరు. మీ బావ ఫోన్ 4కేలో తీసింది కదా. 4కే అంటే ఒక్కో ఫ్రేములో 3840 అడ్డం, 2160 నిలువు చుక్కలు, 1080పీకి సరిగ్గా నాలుగింతలు. పైగా కొత్త ఫోన్లు హెచ్‌ఈవీసీ అనే పద్ధతిలో గట్టిగా నొక్కి దాస్తాయి. ఫైల్ చిన్నదవుతుంది, విప్పడానికి కంప్యూటర్‌కి చెమటలు పడతాయి. దీనికి మందు ప్రాక్సీ. సెట్టింగ్స్‌లో ప్రాక్సీ ఆన్ చేస్తే ప్రతి క్లిప్‌కీ ఒక చిన్న నకలు తయారవుతుంది. నువ్వు కోసేదీ అతికేదీ ఆ నకలు మీద, చివర్లో ఎక్స్‌పోర్ట్ అయ్యేది, అంటే పూర్తయిన వీడియోగా బయటికొచ్చేది, అసలు ఫైల్ లోంచి. బట్టల కొట్టులో అసలు చీర మడత విప్పకుండా ముక్క చూపించి బేరం ఆడతారే, అలాగన్నమాట. అదే సెట్టింగ్స్‌లో ప్రివ్యూ స్కేలింగ్ 360పీ పెట్టు. తెర మీద కాస్త మసకగా కనిపిస్తుంది, భయపడకు, చివరి వీడియోకి దానికీ సంబంధం లేదు. ఈ రెండూ చేశాక నీ ఐ3 హాయిగా నడుస్తుంది.

ప్రాజెక్టు మొదట్లో వీడియో మోడ్ 1080పీ, 30 ఫ్రేములు అని నువ్వే ఎంచుకో. ఆటోమేటిక్‌గా వదిలేస్తే మొదట వేసిన క్లిప్ ఎలా ఉంటే ప్రాజెక్టంతా అలా అయిపోతుంది. ఆ మొదటిది ఎవరో నిలువుగా తీసిన వాట్సాప్ క్లిప్ అయిందనుకో, ఇక చూడు తమాషా.

ఫోల్డర్ల గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, విసుక్కోకు. సి డ్రైవ్‌లోనో డి డ్రైవ్‌లోనో ఒకే ఒక్క ఫోల్డర్ చేసి, అందులో మూడు ఫోన్లకి మూడు ఫోల్డర్లు, పాటలకొకటి, టైటిళ్ళకొకటి, ప్రాజెక్టుకొకటి పెట్టు. మొదలుపెట్టాక దేన్నీ జరపకు, పేర్లు మార్చకు. ప్రాజెక్టు ఫైల్‌లో నీ వీడియో ఉండదు తమ్ముడూ. ఏ ఫైల్, ఏ ఫోల్డర్‌లో, ఎన్నో సెకను నుంచి ఎన్నో సెకను దాకా అన్న చీటీ మాత్రమే ఉంటుంది. ఫైల్ జరిపితే చీటీ పనికిరాదు. నేనే ఒకసారి అర్జెంటు పని అని పెళ్ళివారి పెన్‌డ్రైవ్ మీంచే నేరుగా ఎడిట్ చేశాను. రెండు రాత్రులు కూర్చున్నాను. మూడోనాడు వాళ్ళబ్బాయి వచ్చి నేను టీకి వెళ్ళిన టైములో పెన్‌డ్రైవ్ పట్టుకుపోయి, క్రికెట్ వీడియోలు వేసుకోవడానికి ఫార్మాట్ కొట్టేశాడు. నా తెర మీద కోతలన్నీ చక్కగా ఉన్నాయి, లోపల బొమ్మలే లేవు. ఆ కుర్రాణ్ణి ఏమంటాం, కాపీ చేసుకోకపోవడం నా బుద్ధితక్కువ.

రెండో దెబ్బ తిత్లీ తుఫాను కొట్టింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తుఫాను తీరం దాటితే మా గజపతి జిల్లా ఎలా అయిందో నీకూ తెలుసు. మా పెంకులు లేచిపోయి వాన నేరుగా నా టేబుల్ మీద కురిసింది. అప్పటికి నా దగ్గరున్న పెళ్ళిళ్ళ రష్, అంటే ఇంకా కోయని వీడియో, అంతా ఒకే హార్డ్‌డిస్క్‌లో ఉంది. అది మళ్ళీ లేవలేదు. అప్పట్నుంచి ఏ వీడియో అయినా రెండు డిస్కుల్లో ఉంచి, రెండోదాన్ని వేరే ఇంట్లో పెడుతున్నాను. నీ 40 జీబీకి పెద్ద ఖర్చేం కాదు. ఒక కాపీ ల్యాప్‌టాప్‌లో, ఒకటి ఎక్స్‌టర్నల్ డిస్కులో. ఆ డిస్కుని చెల్లి అత్తవారింట బరంపురంలో దాచినా మంచిదే. ఎడిటింగ్ అయ్యేదాకా ఫోన్లలోంచి డిలీట్ చేయవద్దని ముగ్గురికీ చెప్పు.

ఇంకో మాట. పెళ్ళికొడుకు తమ్ముడు క్లిప్పులు వాట్సాప్‌లో పంపానన్నాడని రాశావు. మామూలుగా పంపితే వాట్సాప్ వాటిని పిండేసి పంపుతుంది. అసలువి కావాలి. డాక్యుమెంట్‌గా పంపమను, 2 జీబీ దాకా ఒక్కో ఫైల్ వెళ్తుంది, ఎలా తీసింది అలాగే వస్తుంది. లేదా ఆదివారం బరంపురం వెళ్ళినప్పుడు కేబుల్ పెట్టి లాక్కురా, చెల్లిని చూసినట్టూ ఉంటుంది.

ఇక కోత. ముందు 186 క్లిప్పులూ ఒకసారి పూర్తిగా చూడు. ఒక నోటు పుస్తకం పెట్టుకుని బాగున్నవాటి నంబరు, ఎందుకు బాగుందో రెండు మాటలు రాసుకో. "47, అమ్మమ్మ నవ్వు", "112, పిల్లాడు లడ్డూ దొంగతనం" ఇలాగ. ఈ పని చేయకుండా టైమ్‌లైన్ మీదకి దూకినవాళ్ళే వారానికి వదిలేస్తారు. చూడడం అయ్యాక పుస్తకంలో అరవై మిగిలితే ఎక్కువ.

కీబోర్డు మీద నీకు ముందు కావలసినవి చాలా తక్కువ. ఎల్ నొక్కితే ముందుకి, జె నొక్కితే వెనక్కి, కె నొక్కితే ఆగుతుంది. ఎల్ రెండుసార్లు నొక్కితే రెట్టింపు వేగం. ఎ నొక్కితే క్లిప్ టైమ్‌లైన్ చివర చేరుతుంది. ఎస్ నొక్కితే టైమ్‌లైన్ మీద నిలువు గీత ఉన్నచోట క్లిప్ రెండుగా తెగుతుంది. ఎక్స్ నొక్కితే ఎంచుకున్న ముక్క పోయి, వెనకవన్నీ ముందుకి జరిగి ఖాళీ పూడుకుంటుంది. జెడ్ నొక్కితే ముక్క పోతుంది, ఖాళీ అలాగే ఉంటుంది. ఎక్స్‌కీ జెడ్‌కీ తేడా చేతికి అలవాటయ్యేదాకా కంట్రోల్ జెడ్ నీ దేవుడు. పది నిమిషాలకోసారి కంట్రోల్ ఎస్. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీని అంతగా నమ్మలేం.

తలంబ్రాల ముక్క ఒకటి తీసుకుని చూపిస్తాను, అది అర్థమైతే మిగతాదంతా నువ్వే చేసుకుంటావు. నీ ఫోన్ ముందునుంచి తీసింది, బావ ఫోన్ పక్కనుంచి తీసింది. నీ క్లిప్‌లో చెల్లి పళ్ళెంలోంచి దోసిలి నింపుకుని చేతులు పైకెత్తుతోంది. చేతులు పైకి లేస్తుండగానే, పూర్తిగా లేవకముందే, అక్కడ ఎస్ నొక్కి తెంచు. దాని పక్కన బావ క్లిప్‌లోంచి పెళ్ళికొడుకు తల మీద గింజలు పడే ముక్క అతికించు, అదీ చేతులు ఇంకా కిందికి దిగుతున్న చోటు నుంచి. కదలిక మధ్యలో తెంచి కదలిక మధ్యలోనే కలిపితే అతుకు కంటికి కనబడదు. చెయ్యి ఆగాక తెంచితే గతుకు రోడ్డు మీద బస్సు ఎక్కినట్టుంటుంది. తర్వాత రెండు సెకన్లు వెనక నిలబడి నవ్వుతున్న మీ పెద్దమ్మ. మళ్ళీ చెల్లి. ఇంత వరకూ కలిపి పన్నెండు సెకన్లు దాటకూడదు. నీ దగ్గర తలంబ్రాలు తొమ్మిది నిమిషాలున్నాయన్నావు. నలభై సెకన్లు వాడు, చాలు.

అన్నీ అలా ముక్కలు చేయమని కాదు. మంగళసూత్రం కట్టేటప్పుడు కోయకు. ఉన్నవాటిలో కదలకుండా తీసింది ఒకటి చూసి, అక్షింతలు పడడం మొదలైన దగ్గర్నుంచి మూడో ముడి దాకా అలాగే వదిలెయ్. ఆ క్షణంలో కోత పెట్టిన వీడియోలు నేను బోలెడు చూశాను, నేను చేసినవీ ఉన్నాయి. పాట మారి, గులాబీ రేకులు తెరమీద రాలి, హృదయం ఆకారంలో ఇద్దరి మొహాలు. పెళ్ళివారు అడిగారు, చేశాం. ఇప్పుడు ఆ డీవీడీలు చూసి వాళ్ళే నవ్వుకుంటున్నారు. ఒక బొమ్మ ఇంకో బొమ్మగా మారే విన్యాసాలుండే ట్రాన్సిషన్ల మెనూ తెరవకు. ఒక ఘట్టం నుంచి ఇంకో ఘట్టానికి పోయేటప్పుడు ఒక క్లిప్‌ని పక్క క్లిప్ మీదికి కాస్త లాగితే డిజాల్వ్ (ఒక బొమ్మ కరుగుతూ ఇంకోటి తేలడం) దానంతట అదే వస్తుంది, అంతకన్నా వద్దు.

మూడు ఫోన్ల క్లిప్పులు ఒకదానికొకటి ఎలా కలపాలి అని అడిగావు. సినిమా వాళ్ళు క్లాప్ కొట్టేది అందుకే. మనకి క్లాప్ లేదు, గట్టిమేళం ఉంది. పురోహితుడు చెయ్యి ఊపగానే డోలు మీద పడే మొదటి దెబ్బ మూడు ఫోన్లలోనూ రికార్డయి ఉంటుంది. టైమ్‌లైన్‌లో ధ్వని అలలు కనిపించేలా దగ్గరకి జూమ్ చెయ్, ఆ దెబ్బ నిటారుగా ముల్లులా కనిపిస్తుంది. ఒక ట్రాక్ (టైమ్‌లైన్‌లో ఒక వరస) మీద నీది, పైట్రాక్ మీద బావది పెట్టి ముల్లుకి ముల్లు సరిపెట్టు. ఒక చిన్న కిటుకు: పందిరి చివర నిలబడి తీసిన ఫోన్‌కి శబ్దం కొంచెం ఆలస్యంగా చేరుతుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది కాబట్టి 20 మీటర్ల దూరానికి దాదాపు రెండు ఫ్రేముల తేడా. ముళ్ళు సరిపోయినా చేతులు కొద్దిగా ముందున్నట్టు అనిపిస్తే కారణం అదే. బొమ్మని చూసి ఒకటి రెండు ఫ్రేములు జరుపు. ఆ భాగమంతా ధ్వని మాత్రం ఒక్క ఫోన్‌దే వాడు, డోలుకి దగ్గరున్నది కాదు, పురోహితుడికి దగ్గరున్నది. మిగతా రెండు ట్రాకులు మ్యూట్.

చాలామంది బొమ్మ మీద పదిహేను రోజులు పెట్టి ధ్వని మీద పది నిమిషాలు పెడతారు. నన్నడిగితే సగం సగం పెట్టాలి. సూరత్‌లో పిన్ని ఫోన్‌లో చూస్తుంది. బొమ్మ కాస్త మసకగా ఉన్నా సర్దుకుంటుంది, అప్పగింతల్లో మీ నాన్నగారి మాట వినబడకపోతే మాత్రం మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పుతుంది. షాట్‌కట్‌లో ధ్వని ఎంత గట్టిగా ఉందో చూపే పీక్ మీటర్ తెరిచి పెట్టుకో. మాటలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, గట్టిగా అరిచినా సున్నాని తాకకూడదు. తాకితే గరగరమంటుంది, రికార్డింగ్‌లోనే అలా పగిలితే ఇక బాగుచేయడం కష్టం. మాటల కింద పాట ఉంటే దాన్ని మైనస్ 25కి దించెయ్. జనరేటర్ రొద ఉన్న క్లిప్పులకి హై పాస్ అనే ఫిల్టర్ వేసి వంద హెర్ట్జ్ దగ్గర పెడితే అడుగున ఉండే హోరు చాలావరకు పోతుంది. ప్రతి ముక్క ధ్వనికీ మొదట్లో, చివర్లో చిన్న ఫేడ్ (ధ్వని మెల్లగా లేవడం, మెల్లగా తగ్గడం) పెట్టు, లేకపోతే అతుకు దగ్గర టక్కుమంటుంది.

నీ దగ్గర ఒక నిధి ఉంది, నీకు తెలుసో లేదో. పెళ్ళికొడుకు వైపు ఆడవాళ్ళ హుళహుళి, శుభకార్యాల్లో ఒడియా ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ చేసే మంగళధ్వని. మన సన్నాయి ఆగి వాళ్ళ హుళహుళి లేచే చోటు ఒకటి కచ్చితంగా ఉంటుంది. మగపెళ్ళివారు వచ్చే ముక్కకి ముందు, ఇంకా మన విడిదిలో అరిటాకులు కడుతున్న బొమ్మ నడుస్తుండగానే, వెనకనుంచి హుళహుళి మెల్లగా మొదలుపెట్టు. రెండు సెకన్ల తర్వాత బొమ్మ మార్చు. క్లిప్ మీద రైట్ క్లిక్ చేస్తే ఆడియో విడదీసే ఆప్షన్ వస్తుంది, విడదీసి ఎడమవైపు అంచు లాగితే చాలు. ధ్వని ముందొచ్చి బొమ్మ తర్వాత రావడం ఒక్కటి నేర్చుకుంటే నీ వీడియో ఫోన్ క్లిప్పుల కట్టలా ఉండదు.

సినిమా పాటలు పెట్టాలని ఉందన్నావు. ఇంట్లో చూసుకునేదానికి నీ ఇష్టం. యూట్యూబ్‌లో పెడితే మాత్రం హక్కులున్న పాటల్ని కనిపెట్టే దాని కంటెంట్ ఐడీ పట్టుకుంటుంది. అన్‌లిస్టెడ్, అంటే లింకు ఉన్నవాళ్ళకే కనబడేలా, పెట్టినా పట్టుకుంటుంది. ఒక్కోసారి కొన్ని దేశాల్లో ఆడకుండా ఆపేస్తుంది కూడా. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా వాడుకునే సంగీతం ఉంది, కానీ అది మన పెళ్ళికి అంతగా అతకదు. నీ క్లిప్పుల్లోనే సన్నాయి వాళ్ళు రెండు మూడు నిమిషాలు ఆపకుండా వాయించిన ముక్క వెతుకు. దాన్నే వీడియో అంతా కింద నడిపించు.

రంగుల గురించి ఒక్క మాటే. మూడు ఫోన్లు మూడు రంగులు చూపిస్తాయి, ఒకటి పచ్చగా, ఒకటి నీలంగా. వైట్ బ్యాలెన్స్ ఫిల్టర్‌లో డ్రాపర్ ఉంటుంది, దాంతో తెల్లగా ఉన్నదాన్ని పట్టుకుంటే మిగతా రంగులు సర్దుకుంటాయి. మధుపర్కాల తెలుపు పట్టుకో, పసుపు అంటని చోట చూసి. నిలువుగా తీసిన క్లిప్పులుంటే బ్లర్ ప్యాడ్ ఫిల్టర్ వేస్తే రెండు పక్కలా నల్ల పట్టీలకి బదులు అదే బొమ్మ మసకగా నిండుతుంది. లైట్ల కింద బొమ్మలో అడ్డచారలు పాకుతున్నాయన్నావు, అది ఇప్పుడు పూర్తిగా పోదు. మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని లైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి. ఈసారి తీసేటప్పుడు ఫోన్‌లో ప్రో మోడ్ పెట్టి షటర్ 1/50 గానీ 1/100 గానీ ఉంచితే చాలావరకు రావు.

టైటిళ్ళు రెండు భాషల్లో వేయి, అవతలివాళ్ళు సంతోషిస్తారు. తెలుగు విషయంలో ఒక చిక్కుంది. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించుకొస్తే అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ అర్థమయ్యే అక్షరాల పద్ధతి) కాదు, ఇక్కడ పెడితే పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లోనే టైపు చెయ్. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లలో యూనికోడ్ అయినా వత్తులు విడిపోయి పక్కన పడతాయి. షాట్‌కట్ టెక్స్ట్ ఫిల్టర్‌లో నాకు సరిగానే వచ్చాయి. నీకు రాకపోతే బొమ్మలు చేసే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా టైటిల్ రాసి, వెనక ఖాళీగా ఉండేలా పీఎన్‌జీ బొమ్మగా చేసి పైట్రాక్ మీద పెట్టు. ఫాంట్లకి గూగుల్ ఫాంట్స్‌లో వెతుకు. మండలి, రామభద్ర ఉన్నాయి, గిడుగు అని ఒకటుంది. నేను మా ఊరి వీడియోలకి అదే వాడతాను. గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడిలోనే పిల్లలకి పాఠాలు చెప్పారు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పేరున్న అక్షరాలతో ఒడిశాలో ఒక తెలుగు పెళ్ళి టైటిల్ పడితే నాకేదో తృప్తి, అంతే. ఒడియాకి నోటో సాన్స్ ఒరియా తీసుకో. పేర్లు మాత్రం పెళ్ళికొడుకు వాళ్ళింట్లో ఎవరికైనా చూపించి రాయి. మనం తెలుగు పలుకుబడితో ఒడియా రాస్తే వాళ్ళ నాన్నగారి పేరే మారిపోతుంది. నాకు ఒకసారి అయింది, పెళ్ళి పందిట్లో పెద్ద తెర మీద.

కోర్సు సంగతి. ఈ వీడియో కోసమైతే వద్దు. దీన్ని వృత్తిగా పెట్టుకోవాలనుంటే అప్పుడు కూడా కోర్సు కన్నా సీజన్లో ఎవరి దగ్గరైనా రెండు నెలలు పక్కన కూర్చోవడం మేలు. బటన్లు ఎవరైనా నేర్పుతారు. ఐదు గంటల రష్‌లోంచి ఏది పారేయాలో పక్కన కూర్చుంటేనే వస్తుంది.

ఎక్స్‌పోర్ట్‌కి యూట్యూబ్ అని ఉన్న ప్రీసెట్ (ముందే అమర్చి ఉంచిన సెట్టింగ్) పెట్టు, ఎంపీ4 వస్తుంది, ఎక్కడైనా ఆడుతుంది. 1080పీ 30 ఫ్రేములకి యూట్యూబ్ చెప్పే బిట్‌రేట్ 8 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 8 మెగాబిట్లు, ఒక ఎంబీ. ఆ లెక్కన నిమిషానికి 60 ఎంబీ, నీ పన్నెండు నిమిషాలు 720 ఎంబీ. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పిన్నికి అలాగే వెళ్తుంది, పిండదు. ఆవిడ వైఫై ఉన్నచోట దించుకోవాలని ముందే చెప్పు. ఎక్స్‌పోర్ట్ అయ్యాక ఒకసారి ఫోన్ స్పీకర్ మీద, ఒకసారి ఇయర్‌ఫోన్స్‌తో, ఒకసారి టీవీలో మొదటినుంచి చివరిదాకా చూడు. తప్పు ఎక్కడ కనబడినా టైము రాసుకుని, చివర్లో అన్నీ ఒకేసారి దిద్ది మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చెయ్.

టీవీ అంటే గుర్తొచ్చింది. ఫొటోగ్రాఫర్ ఇచ్చే మూడు గంటల వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కడం లేదు, ఖాళీ ఉన్నా లేదంటోంది అని కింద ఇంకొకరు అడిగారు. ఆ పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది. అందులో 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ పట్టదు, పెన్‌డ్రైవ్ 64 జీబీ అయినా సరే. లోపలున్నవి వేరేచోట కాపీ చేసుకుని ఎక్స్‌ఫాట్ అనే ఫార్మాట్‌కి మార్చండి. పాత టీవీ ఎక్స్‌ఫాట్ చదవకపోతే వీడియోని గంటకొక ముక్కగా, ఒక్కోటి 4 జీబీ లోపు ఉండేలా ఎక్స్‌పోర్ట్ చేయమని ఫొటోగ్రాఫర్నే అడగండి. పెద్ద పనేం కాదు, కాదనరు.

నువ్వు తమ్ముడూ, పన్నెండు నిమిషాలూ ఒకేసారి పట్టుకోకు. ముందు పెళ్ళికూతుర్ని చేసిన ముక్క ఒక్కటి, రెండు నిమిషాలు చెయ్. అదైతే తప్పులు దొర్లినా ఎవరూ పట్టించుకోరు. క్లిప్పులు ఎడిటింగ్‌కి అనువుగా మార్చే దగ్గర షాట్‌కట్ ఏమైనా మొండికేస్తే నీ విండోస్ వెర్షన్, ఆ క్లిప్ ఏ ఫోన్‌తో తీసిందో రాసి ఇక్కడే పెట్టు. రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను, ఇప్పుడు సీజను.